ఓర్కాని వదిలేయమంటాం సరే, మరి సముద్రం సంగతేంటి?

చెన్నైలో శని ఆదివారాలొస్తే ఈసీఆర్ అనే తీరం రోడ్డు మీద కార్ల వరస ఎలా ఉంటుందో తెలిసిందే, వేళచ్చేరి నుంచి, ఓఎంఆర్ అపార్ట్‌మెంట్ల నుంచి మన తెలుగు ఫ్యామిలీలు కూడా పిల్లల్నేసుకుని అటే పోతాయి, వాటర్ పార్కులు, మొసళ్ళ పార్కు, మహాబలిపురం, దార్లో ఎక్కడో ఒకచోట బిర్యానీ. ఇదే చెన్నైలో ఒకప్పుడు డాల్ఫిన్ షో కూడా ఉండేదని ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. డాల్ఫిన్ సిటీ అని పేరు. 1998లో బల్గేరియా నుంచి డాల్ఫిన్లని తెప్పించి కొలనులో పెట్టారు, ఆర్నెల్లు తిరిగేసరికి అన్నీ చచ్చిపోయాయి. బల్గేరియా ఎక్కడ, చెన్నై ఎండ ఎక్కడ.

ఆ చావులు మరీ ఊరికే పోలేదు. పదిహేనేళ్ళ తర్వాత కొచ్చిలో, ముంబై వైపు, ఢిల్లీ వైపు మళ్ళీ డాల్ఫినేరియంలు కడతామని ప్రపోజల్స్ వచ్చినప్పుడు జంతు సంక్షేమ సంఘాల వాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు, చెన్నైలో ఏం జరిగిందో చూడండి అన్నారు. 2013 మే 17న కేంద్ర పర్యావరణ శాఖ తరఫున సెంట్రల్ జూ అథారిటీ సర్క్యులర్ ఇచ్చింది, డాల్ఫిన్లు, తిమింగలాల జాతి దేన్నీ వినోదం కోసం బంధించడానికి పర్మిషన్ ఇవ్వొద్దని. డాల్ఫిన్లని మనిషి కాని వ్యక్తులుగా చూడాలి, వాటికంటూ హక్కులుండాలి అనే మాట కూడా అందులో ఉంది, ప్రపంచమంతా మెచ్చుకుంది దానికి. ఓర్కా, అంటే కిల్లర్ వేల్, అది కూడా డాల్ఫిన్ కుటుంబంలోదే, ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది, కాబట్టి మన దేశంలో ఓర్కా షో అన్న ఆలోచనకి కూడా తలుపు అక్కడితో పడిపోయింది.

మంచిదే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. తొట్టి మూసేయడం అనేది తిమింగలాల్ని కాపాడే పనిలో చాలా సులువైన ముక్క, ఒక సర్క్యులర్‌తో, ఒక చట్టంతో అయిపోతుంది, నష్టపోయేది ఒకటో రెండో కంపెనీలు. బయట సముద్రంలో బతికేవాటిని కాపాడాలంటే మాత్రం కరెంటు, డ్యాములు, ఓడల రూట్లు, చేపల వేట, ఎగుమతులు అన్నీ కదపాలి, నష్టం అందరికీ తలా కొంచెం పడుతుంది, అందుకే అక్కడ ఎవరూ కదలరు. అమెరికాలో ఓర్కాల విషయంలో అరవై ఏళ్ళుగా జరిగింది చూస్తే ఇది బాగా తెలుస్తుంది, మన బంగాళాఖాతంలో జరుగుతున్నది కూడా దానికి పెద్ద తేడాగా ఏం లేదు.

1960లకి ముందు ఓర్కా మీద ఎవరికీ ప్రేమ లేదు. అమెరికా, కెనడా పడమటి తీరంలో జాలర్లు అది సాల్మన్ చేపలన్నీ తినేస్తోందని కనిపిస్తే కాల్చేవాళ్ళు, 1961లో కెనడా ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ వాళ్ళైతే సేమోర్ నారోస్ అనే ఇరుకు జలసంధి దగ్గర ఏకంగా మెషిన్ గన్ బిగించారు, చివరికి పేల్చలేదనుకోండి. 1964లో వాంకూవర్ అక్వేరియం వాళ్ళు ఒక ఓర్కాని చంపి, దాని కొలతలతో శిల్పం చేయించాలని మనుషుల్ని పంపారు. హార్పూన్ తగిలింది కానీ అది చావలేదు, తాడు కట్టి వాంకూవర్ దాకా లాక్కొచ్చారు, మోబీ డాల్ అని ఆడపేరు పెట్టారు, మగదని చచ్చాకే తెలిసింది. బతికింది మూడు నెలలే గానీ ఆ మూడు నెలల్లో జనం అభిప్రాయం మారిపోవడం మొదలైంది, రాక్షసి అనుకున్నది మనుషుల్ని ఏమీ అనట్లేదు, చేతిలోంచి చేప తీసుకుంటోంది, రకరకాలుగా కూస్తోంది. మరుసటి ఏడాది జాలర్ల వలలో చిక్కిన నాము అనే మగ ఓర్కాని సియాటిల్ అక్వేరియం ఓనర్ టెడ్ గ్రిఫిన్ 8,000 డాలర్లకి కొన్నాడు, దానితో కలిసి ఈత కొట్టి చూపించాడు, జనం ఎగబడ్డారు. అదే ఏడాది పట్టిన షాము అనే పిల్ల శాన్ డియాగోలోని సీవరల్డ్ అనే షోల పార్కుకి పోయింది. అక్కణ్ణుంచి అది బిజినెస్.

షోలు సమర్థించేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది, తొట్టిలో చూడబట్టే కదా జనం ఓర్కాని ప్రేమించారు, లేకపోతే ఇంకా కాలుస్తూనే ఉండేవాళ్ళు అని. ఇది అబద్ధం కాదు, మోబీ డాల్ కథే సాక్ష్యం. కాకపోతే ఆ ప్రేమకి రేటెంత పడింది, అది ఎవరి లెక్కలోంచి పోయింది అన్నది వాళ్ళు చెప్పరు.

1970 ఆగస్టు 8న వాషింగ్టన్ రాష్ట్రంలో విడ్బీ దీవి పక్కన పెన్ కోవ్ అనే చిన్న అఖాతంలోకి స్పీడ్ బోట్లతో, పైన విమానంతో, నీళ్ళలో పేలుడు గుళ్ళు వేస్తూ 80కి పైగా ఓర్కాల్ని తోలారు. వలలు దింపి పిల్లల్ని తల్లుల నుంచి విడదీశారు, ఎందుకంటే పిల్లల్ని మొయ్యడం తేలిక, ఖర్చు తక్కువ, నేర్పడం కూడా సులువు. ఏడు పిల్లల్ని అమ్మేశారు. వలల్లో చిక్కి ఐదు చచ్చిపోయాయి, అందులో నాలుగు పిల్లలే, గొడవవుతుందని వాటి పొట్టలు కోసి, రాళ్ళు నింపి, లంగర్లు కట్టి ముంచేశారు, కొన్ని నెలలకి అవి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆ రోజు అమ్ముడుపోయిన ఏడింటిలో ఒకటి టోకిటే, మయామీ సీక్వేరియంలో లోలిటా అనే పేరుతో యాభై ఏళ్ళకి పైగా షో చేసింది. దాని తొట్టి 80 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, ఎంత లోతు చూసినా 20 అడుగులే, అంటే టీనగర్‌లో ఒక మాదిరి కల్యాణమండపం డైనింగ్ హాలంత, అందులో 20 అడుగుల జంతువు. తోడుగా ఉన్న హ్యూగో అనే మగది తల గోడకేసి కొట్టుకుని కొట్టుకుని 1980లో మెదడులో రక్తనాళం చిట్లి చచ్చిపోయింది, ఆ తర్వాత 43 ఏళ్ళు టోకిటేకి ఇంకో ఓర్కా అన్నదే కనపడలేదు.

అప్పట్లో సముద్రంలో ఓర్కాలు వేలల్లో ఉన్నాయనే అనుకునేవాళ్ళు, అందుకే పట్టుకోవడం మీద ఎవరికీ అనుమానం రాలేదు. కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ 1970లలో వీపు రెక్క ఆకారం, దాని వెనక ఉండే బూడిదరంగు మచ్చ చూసి ఒక్కొక్కదాన్ని ఫోటోలతో గుర్తుపట్టి లెక్కేస్తే అసలు సంగతి బయటపడింది. వాషింగ్టన్, వాంకూవర్ చుట్టూ తిరిగే సదరన్ రెసిడెంట్లు అనే గుంపులో మిగిలినవి 70 చిల్లర. జె, కె, ఎల్ అని మూడు పాడ్‌లు, అంటే కుటుంబ గుంపులు, అంతే, ప్రపంచం మొత్తంలో అవే. వాటిలోంచే 45కి పైగా పట్టుకెళ్ళడమో, పట్టుకునేటప్పుడు చంపడమో జరిగింది, అదీ ఎక్కువగా పిల్లల్ని, అంటే ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లల్ని కనాల్సిన తరం మొత్తం గల్లంతు. 1976లో బడ్ ఇన్‌లెట్‌లో జరిగిన వేటని జనం కళ్ళారా చూసి మండిపడ్డాక వాషింగ్టన్ రాష్ట్రం కోర్టుకెళ్ళింది, అక్కడితో ఆ రాష్ట్రంలో పట్టడం ఆగింది. వేటగాళ్ళు ఐస్‌లాండ్ వెళ్ళారు. తర్వాత పేరుమోసిన కేకో, టిలికమ్ అనే ఓర్కాలు అక్కడ దొరికినవే.

తొట్టిలో ఓర్కాకి ఏమవుతుంది అనేదానికి పెద్ద సైన్సు అక్కర్లేదు గానీ కొన్ని చెప్పుకోవాలి. బయట రోజుకి వంద కిలోమీటర్లు కూడా తిరిగే జంతువు, వందల అడుగుల లోతుకి దిగుతుంది. రెసిడెంట్ ఓర్కాల్లో కొడుకైనా కూతురైనా జీవితాంతం తల్లితోనే ఉంటారు, ప్రతి పాడ్‌కి సొంత యాస ఉంటుంది, ఐస్‌లాండ్ ఓర్కా పిలుపులు పసిఫిక్ ఓర్కా పిలుపులు వేరు, తొట్టిలో మాత్రం రెండింటినీ కలిపి పడేస్తారు, పడకపోతే కొట్టుకుంటాయి, పారిపోవడానికి చోటుండదు. విసుగుతో కాంక్రీటు అంచులు, ఇనుప గేట్లు కొరుకుతాయి. 2017లో అమెరికా, స్పెయిన్ తొట్టుల్లోని 29 ఓర్కాల పళ్ళు పరిశీలిస్తే ఒక్కదానికి కూడా పళ్ళు బాగాలేవు, చాలావాటికి అరిగిన పళ్ళని డ్రిల్ చేసి రోజూ నీళ్ళతో కడగాల్సి వస్తోంది. బయట ఆడవి సగటున యాభై ఏళ్ళు, కొన్ని ఎనభై దాకా బతుకుతాయి, తొట్టిలో ఆ వయసు చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంకొకటి, సముద్రంలో ఓర్కా మనిషిని చంపినట్టు నమ్మదగిన రికార్డు ఒక్కటి లేదు, తొట్టుల్లో నలుగురు పోయారు, వాళ్ళలో ముగ్గురి చావులో ఉన్నది టిలికమ్ ఒక్కటే. 2010 ఫిబ్రవరిలో ఓర్లాండో సీవరల్డ్‌లో పదహారేళ్ళ అనుభవం ఉన్న ట్రైనర్‌ని అది షో అవగానే నీళ్ళలోకి లాగేసింది.

ఆ సంఘటన మీద అమెరికా కార్మిక భద్రతా శాఖ కేసు, ట్రైనర్లు ఓర్కాలతో కలిసి నీళ్ళలో దిగకూడదన్న తీర్పు, 2013లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ, దాంతో పార్కుకొచ్చే జనం తగ్గడం, షేరు పడడం, ఇవన్నీ కలిసేసరికి 2016 మార్చిలో సీవరల్డ్ ఇక ఓర్కాల్ని పెంచం, ఇప్పుడున్నవే ఆఖరివి అని ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టం చేసింది, 2019లో కెనడా, 2021లో ఫ్రాన్స్. రష్యాలో వ్లాడివాస్టాక్ దగ్గర చైనా పార్కులకి అమ్మడానికి చిన్న చిన్న దొడ్లలో కుక్కిన పదికి పైగా ఓర్కాలు, దాదాపు 90 బెలూగా తిమింగలాలు బయటపడితే 2019లో గొడవ తట్టుకోలేక వదిలేశారు. చైనాలో మాత్రం కొత్త పార్కులు తెరుస్తూనే ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద ఇంకా యాభై దాకా ఓర్కాలు తొట్టుల్లో ఉన్నాయి, అందులో కార్కీ అనేది 1969లో పట్టుకున్నది.

వీటిని వదిలేయొచ్చు కదా అని అందరూ అడిగే ప్రశ్న. కేకోని వదిలారు. సినిమాలో నటించి పేరు తెచ్చుకున్న ఓర్కా, పిల్లలు ఉత్తరాలు రాసి, చందాలేసి మరీ మెక్సికో సిటీ నుంచి 1996లో అమెరికాలోని ఒరెగాన్‌కి, 1998లో ఐస్‌లాండ్ అఖాతానికి తెచ్చారు, 2002లో తనంతట తానే ఈదుకుంటూ నార్వే దాకా పోయింది, కానీ అక్కడ కూడా మనుషులున్న పడవల వెంటే తిరిగింది, ఏ ఓర్కా గుంపులోనూ కలవలేదు, 2003 డిసెంబర్‌లో న్యుమోనియాతో చచ్చిపోయింది. కొందరు దీన్ని ఫెయిల్యూర్ అంటారు. తొట్టిలో చావాల్సింది ఐదేళ్ళు సముద్రపు నీళ్ళలో బతికింది, దీన్ని ఫెయిల్యూర్ అనడం కొంచెం అన్యాయం, అయితే ఇది అన్నిటికీ పనికొచ్చే దారి కాదన్నది కూడా నిజం. తొట్టిలోనే పుట్టినవాటికి వేటే రాదు. టోకిటేని సొంత నీళ్ళకి తీసుకెళ్తామని 2023 మార్చిలో ప్రకటించారు, దాన్ని తమ బంధువుగా చూసే అక్కడి లమ్మీ ఆదివాసీ తెగ వాళ్ళు ఎన్నో ఏళ్ళు పోరాడితే వచ్చిన మాట అది, ఆగస్టు 18న మయామీ తొట్టిలోనే పోయింది. ఫ్రాన్స్‌లో యాంటీబ్ పార్కు 2025 జనవరిలో మూతపడింది, అక్కడ ఉన్న వికీ, కేజో అనే తల్లీ కొడుకుల్ని ఎక్కడికి పంపాలో అప్పటికి తేలలేదు, ఇంకో పార్కుకి పంపితే మళ్ళీ షోలే, సముద్రంలో వలకట్టి ఆశ్రమంలా చేద్దామంటే అలాంటిది సిద్ధంగా లేదు. నిషేధించేటప్పుడు ఈ ముక్క ఆలోచించరు, సంతకం పెట్టాక జంతువు ఎక్కడుంటుంది అని.

టోకిటే కోసం ఊరేగింపులు, పిటిషన్లు, కోర్టు కేసులు జరిగాయి. 2015లో అమెరికా ప్రభుత్వం దాన్ని కూడా అంతరించిపోయే సదరన్ రెసిడెంట్ల జాబితాలో చేర్చింది. మరి అదే జాబితాలో ఉన్న మిగతావాటి సంగతి? 1976లో 71, తర్వాత మెల్లగా పెరిగి 1995లో 98, అక్కడ్నుంచి దిగుతూ ఇప్పుడు మళ్ళీ 70 చిల్లర దగ్గరే. కెనడా 2003లో, అమెరికా 2005లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని ప్రకటించాయి. అంటే పట్టడం ఆపి యాభై ఏళ్ళయినా లెక్క పెరగలేదు. తొట్టి సమస్య తీరిపోయింది, ఓర్కా సమస్య తీరలేదు.

కారణం ఆకలి. ఈ గుంపు తినేది చేపలే, అందులోనూ ముఖ్యంగా చినూక్ అనే పెద్ద సాల్మన్. వీటి పక్కనే అవే నీళ్ళలో బిగ్స్ ఓర్కాలు అని ఇంకో రకం తిరుగుతాయి, సీళ్ళు, చిన్న డాల్ఫిన్లలా ఉండే పోర్పాయిస్‌లు తింటాయి, 1972 అమెరికా సముద్ర క్షీరదాల చట్టం తర్వాత సీళ్ళు బాగా పెరిగాయి కాబట్టి ఆ ఓర్కాలు కూడా హాయిగా పెరుగుతున్నాయి. రెసిడెంట్లు మాత్రం పక్కనే సీలు ఈదుతున్నా ముట్టవు, తల్లి నేర్పిన తిండే తిండి. చినూక్ ఏమో నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ అదే నదికి పోవాలి, కొలంబియా, స్నేక్ నదుల మీద వరసగా డ్యాములు, ఫ్రేజర్ నది చుట్టూ ఊళ్ళు, ఫ్యాక్టరీలు. చేప తగ్గింది, ఉన్నది కూడా చిన్న సైజుకి దిగిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా దీనికి ఇంకో రెండు తోడు. ఒకటి పీసీబీలు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో వాడే కెమికల్స్, అమెరికా 1979లోనే నిషేధించినా నీళ్ళలోంచి, చేపల్లోంచి పోలేదు, ఓర్కా కొవ్వులో పేరుకుంటాయి. కడుపునిండా తిండి ఉన్నంతకాలం అవి కొవ్వులోనే పడుంటాయి, ఆకలేసి కొవ్వు కరగడం మొదలైందంటే రక్తంలోకి వస్తాయి, తల్లి పాలతో పిల్లకి పోతాయి, మొదటి కాన్పు పిల్లకి అందరికన్నా ఎక్కువ డోసు. రెండోది శబ్దం. ఓర్కా చేపని కళ్ళతో వెతకదు, టిక్ టిక్‌మని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వెతుకుతుంది, వాంకూవర్, సియాటిల్ పోర్టులకొచ్చే ఓడల మోత ఆ వినికిడినే కప్పేస్తుంది. పడవలు 400 గజాల లోపు వస్తే ఆడ ఓర్కాలు వేట మధ్యలో ఆపేస్తున్నాయని 2021లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది, మగవి అంతగా ఆపట్లేదు. ఆడవి ఆపడమే పెద్ద నష్టం, ఎందుకంటే ఇంటికి సంపాదించేది అవే. పిల్లకే కాదు, ఎదిగిన కొడుకులకి కూడా పట్టిన చేపని ముక్క చేసి పెడతాయి. నలభై దాటాక కనడం ఆగిపోయినా ఇంకా దశాబ్దాలు బతుకుతాయి, ఆ ముసలివే సాల్మన్ కరువొచ్చిన ఏడు గుంపుని ముందుండి నడిపిస్తాయి, తల్లి పోతే ముప్పై దాటిన మగ ఓర్కా కూడా ఏడాదిలోపు పోయే ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుందని 2012లో లెక్కలతో చూపించారు. మన ఇళ్ళలో ముప్పై ఏళ్ళ కొడుకుల గురించి ఇక్కడ ఏమీ అనక్కర్లేదు.

2018 వేసవిలో జె35 అనే తల్లి పుట్టిన కాసేపటికే చనిపోయిన పిల్లని 17 రోజులు ముక్కు మీద మోస్తూ 1,600 కిలోమీటర్లు తిరిగింది, ప్రపంచమంతా ఆ ఫోటోలు చూసి ఏడ్చింది. ఆ ఏడుపులోంచి కొంత పని జరిగింది, వాషింగ్టన్ గవర్నర్ టాస్క్‌ఫోర్స్ వేశాడు, ఇప్పుడు 2025 జనవరి నుంచి అక్కడ పడవలు ఈ ఓర్కాలకి 1,000 గజాల దూరంలో ఉండాలి. వాంకూవర్ పోర్టు 2017 నుంచి హారో జలసంధిలో ఓడల్ని వేసవిలో నెమ్మదిగా పొమ్మని అడుగుతోంది, ఇది బలవంతం కాదు, అయినా చాలా ఓడలు పాటిస్తున్నాయి, స్పీడు తగ్గితే మోత తగ్గుతుంది. ఎల్వా నది మీద రెండు డ్యాములు 2014 కల్లా, క్లామత్ మీద నాలుగు 2024లో కూల్చేశారు, సాల్మన్ వెనక్కి రావడం మొదలైంది. అసలు పెద్ద తగాదా స్నేక్ నది కింది భాగంలో ఉన్న నాలుగు డ్యాములది. 2023 చివర్లో బైడెన్ ప్రభుత్వం తెగలతో, రాష్ట్రాలతో ఒక ఒప్పందం చేసుకుంది, 2025 జూన్‌లో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. కరెంటు, గోధుమల బార్జీలు ఒకవైపు, చేప ఒకవైపు. జె35 ఇంకో పిల్లని కంది, 2024 డిసెంబర్‌లో, అదీ పోయింది, దాన్నీ మోసింది. ఈసారి ఫోటోలు అంత తిరగలేదు.

ఇప్పుడు మన వైపు. ఓర్కాలు శ్రీలంక నీళ్ళలో అప్పుడప్పుడు కనిపిస్తాయి గానీ మన కథలో అసలు పాత్ర వేరే. శ్రీలంక దక్షిణ కొన దగ్గర నీలి తిమింగలాలు ఏడాదంతా ఉంటాయి, మిగతా నీలి తిమింగలాల్లాగా మంచు సముద్రాలకి పోవు, శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఇరవై ఏళ్ళుగా వీటి మీదే పనిచేస్తోంది. అవి మేసే చోటు మీదుగానే సూయెజ్ నుంచి సింగపూర్ పోయే ఓడల రూటు ఉంది, ప్రపంచంలోనే బిజీ రూట్లలో ఒకటి. చెన్నైకి దీంతో ఏం సంబంధం అంటే, పాక్ జలసంధి, రామసేతు దగ్గర లోతు లేదు కాబట్టి ముంబై నుంచో కొచ్చి నుంచో చెన్నై పోర్టుకి వచ్చే పెద్ద ఓడ కూడా శ్రీలంక చుట్టూనే తిరిగి రావాలి. మన ఇంటికొచ్చిన సోఫా, వాషింగ్ మెషిన్ కూడా ఆ తిమింగలాల నెత్తి మీదుగా వచ్చి ఉండొచ్చు. రూటుని ఓ 15 నాటికల్ మైళ్ళు దక్షిణానికి జరిపితే ఓడలు గుద్దే ప్రమాదం 95 శాతం దాకా తగ్గుతుందని 2016లో లెక్కేశారు. 2022లో ఎంఎస్‌సీ అనే అతిపెద్ద షిప్పింగ్ కంపెనీ తనంతట తాను తన ఓడల్ని జరిపేసింది. మిగతా అందరికీ రూలు కావాలంటే శ్రీలంక ప్రభుత్వం అంతర్జాతీయ సముద్ర సంస్థని అడగాలి, అక్కడ పోర్టు ఆదాయం పోతుందన్న భయం. సేతుసముద్రం కాలవ తవ్వి ఉంటే ఓడలు అటు పోవు కదా అనొచ్చు, నిజమే కొన్ని పోవు, కానీ అప్పుడు మన్నార్ సింధుశాఖలో డుగాంగ్‌లు అనే సముద్రపు ఆవులు, పగడపు దిబ్బల మీద పడేవాళ్ళం.

2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా మనపాడు తీరంలో 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డుకొచ్చి పడ్డాయి. జాలర్లు చేతులతో, పడవలతో తాళ్ళు కట్టి లోపలికి లాక్కెళ్ళి వదిలితే కొన్ని మళ్ళీ తిరిగొచ్చాయి, 40కి పైగా చచ్చిపోయాయి. 1973లో కూడా అదే తీరంలో 147 ఇలాగే వచ్చాయి. పైలట్ తిమింగలం పేరుకే తిమింగలం, అది కూడా ఓర్కాలాగా డాల్ఫిన్ కుటుంబమే, తల్లుల చుట్టూ కట్టుకున్న గుంపు, ఒకటి ఒడ్డున పడి అరుస్తుంటే మిగతావి వదిలి పోవు, అందుకే లాగి వదిలినవి తిరిగొచ్చాయి. పెన్ కోవ్‌లో పిల్లల్ని వలలో వేస్తే తల్లులు పారిపోకుండా అక్కడే తిరిగింది కూడా ఈ గుణం వల్లే, వేటగాళ్ళకి కలిసొచ్చింది కూడా ఇదే.

కాగితం మీద చూస్తే హిందూ మహాసముద్రం 1979 నుంచే తిమింగలాల వేట లేని అభయారణ్యం, సీషెల్స్ అడిగితే అంతర్జాతీయ తిమింగల కమిషన్ ఇచ్చింది. అప్పటికే ఆలస్యం, 1966లో సోవియట్ ఓడలు అరేబియా సముద్రంలో దొంగచాటుగా రెండొందలకి పైగా హంప్‌బ్యాక్ తిమింగలాల్ని చంపేశాయి, ఆ జాతి ఇప్పటికీ ఒమాన్ వైపు వందలోపే. వేట ఆగింది, వలలు ఆగలేదు.

వలల సంగతికొస్తే చెన్నై వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 జనవరిలో మెరీనా నుంచి కోవళం దాకా ఒడ్డున వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్ళ శవాలు, వాకింగ్‌కి పోయినవాళ్ళు ముక్కు మూసుకుని నడిచారు. గుడ్లు పెట్టే సీజన్లో తీరానికి ఐదు నాటికల్ మైళ్ళ లోపల ట్రాల్ వేటకి నిషేధం ఉంది, తాబేలు తప్పించుకునే టెడ్ అనే చట్రం వలకి కట్టాలని రూలుంది, కట్టరు, కడితే చేప కూడా కొంత జారిపోతుందని. కాసిమేడు హార్బర్ మరబోట్లలో శ్రీకాకుళం నుంచి కూలికొచ్చినవాళ్ళు చాలామంది, 2020 లాక్‌డౌన్‌లో సొంతంగా బోట్లేసుకుని సముద్రం మీదే ఊరికి పోయింది వాళ్ళే, ఈ రూళ్ళు తప్పితే ఓనర్‌కి ఫైన్, వీళ్ళకి కూలి కోత. టెడ్ కట్టకపోవడం వల్లే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం ఆపేసింది. నెల్లూరు, భీమవరం చెరువుల వన్నామీ రొయ్యకి ఏం కాలేదు కాబట్టి మన పేపర్లలో ఇది పెద్ద వార్త అవలేదు. 2026 జనవరి నుంచి ఇంకో మెట్టు, చేపలు ఎగుమతి చేసే దేశాల్లో డాల్ఫిన్లు, తిమింగలాలు వలల్లో చావకుండా అమెరికాతో సమానమైన ఏర్పాట్లున్నాయని చూపిస్తేనే దిగుమతికి ఒప్పుకుంటారు. ఇది ఎక్కడి రూలు అంటే, అదే 1972 అమెరికా సముద్ర క్షీరదాల చట్టంలోది, పర్మిట్ లేకుండా ఓర్కాని పట్టకూడదని అన్న చట్టమే యాభై ఏళ్ళకి తిరిగి తిరిగి కాసిమేడు దాకా వచ్చింది. దీనికోసమే మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ వాళ్ళు సముద్రంలో డాల్ఫిన్లు, తిమింగలాల లెక్కలు తీస్తున్నారు. హక్కులున్న వ్యక్తులని సర్క్యులర్లో రాసినప్పుడు తీయని లెక్క, డాలర్లు ఆగుతాయంటే తీస్తున్నారు, పోన్లే, ఏదో ఒకలా.

కానీ వలలో ఎన్ని చస్తున్నాయి అన్న లెక్క ఒడ్డున కూర్చుంటే రాదు, బోటులో ఉన్నవాళ్ళు చెప్పాలి. తిమింగలాలు, డాల్ఫిన్లన్నీ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, వలలో చచ్చిందని చెప్తే కేసు పెడతారేమో అనే భయం, కాబట్టి వల కోసి శవాన్ని నీళ్ళలోకి తోసేసి ఊరుకుంటారు. పోలీసులు తిమింగలం వాంతి అమ్ముతున్న బ్యాచ్‌ని పట్టుకుంటే చెన్నైలో, బెంగళూరులో ఫోటోలతో సహా పేపర్లో వస్తుంది, వలలో పోయిన డాల్ఫిన్ ఏ పేపర్లోనూ రాదు. గుజరాత్‌లో తిమింగల సొరచేపని వల కోసి వదిలితే వల డబ్బులిస్తారు, మహారాష్ట్ర 2018 నుంచి ఇలాంటి జంతువుల కోసం వల కోసినవాళ్ళకి 25,000 రూపాయల దాకా ఇస్తోంది, తమిళనాడులో పాక్ బేలో 2022లో డుగాంగ్ రిజర్వు పెట్టాక డుగాంగ్‌ని వదిలిన జాలర్లకి బహుమానం ఇస్తున్నారు. ఈ మూడు చోట్లా మొబైల్‌లో వీడియో తీసి చూపించే జాలర్లు వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చారు, వల ఖరీదు లక్షల్లో ఉన్నప్పుడు పాతిక వేలు ఏ మూలకి అని విసుక్కుంటూనే. కాసిమేడు, మచిలీపట్నం, విశాఖ బోట్లకి డాల్ఫిన్ల విషయంలో ఇలాంటిది పెట్టి, వలలో చచ్చిందని చెప్పినవాడి మీద కేసుండదని ముందే రాసిచ్చి, అది తెలుగులో, తమిళంలో హార్బర్ గోడ మీద అంటించనంత కాలం సీఎంఎఫ్‌ఆర్‌ఐ లెక్కల్లో వలచావుల గడిలో పడేది ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల సంఖ్య మాత్రమే.